కథ ముందు, ఆధారం వెనుక: ఫ్లోరెన్స్ వరుస హత్యల కేసు – వాస్తవ నేరకథన పఠనం

వ్యాససంగ్రహం

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగర పరిసరాల్లో 1968 నుంచి 1985 వరకు ఎనిమిది జంట హత్యలు జరిగాయి. పదహారుమంది ప్రాణాలు కోల్పోయారు. అన్ని చోట్లా పేలినది ఒకే తుపాకి అని నిపుణులు నిర్ధారించారు. ఆ తుపాకి నేటికీ దొరకలేదు. ఈ కేసుపై పాత్రికేయుడు మారియో స్పెట్సి, నవలాకారుడు డగ్లస్ ప్రెస్టన్ కలిసి రాసిన గ్రంథం ప్రపంచవ్యాప్తంగా పాఠకాదరణ పొందింది. ఈ కేసులో దర్యాప్తు పదేపదే దారితప్పడానికి ఆధారాల కొరత ఒక్కటే కారణం కాదనీ, ఆధారాని కంటే ముందే కథ సిద్ధం కావడం అంతకంటే బలమైన కారణమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ లోపాన్ని బయటపెట్టిన గ్రంథం కూడా చివరికి అదే ఆకర్షణకు లోనైన తీరును భారతీయ తర్కశాస్త్రంలోని ప్రమాణవివేచన సాయంతో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వాస్తవ నేరకథనం, ఫ్లోరెన్స్ హత్యలు, దర్యాప్తు, ప్రమాణం, అనుమానం, అర్థాపత్తి, మారియో స్పెట్సి, డగ్లస్ ప్రెస్టన్.

1. ప్రవేశిక

తెలుగు పాఠకులకు అపరాధపరిశోధక నవల కొత్తది కాదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ ఒక తరం పాఠకులకు ఇంటిమనిషంత పరిచితుడు. అటువంటి నవలకూ పాఠకుడికీ మధ్య అలిఖితమైన ఒప్పందం ఒకటి ఉంటుంది. చిక్కుముడి ఎంత బిగుసుకున్నా చివరి పుటల్లో అది విడిపోతుంది, హంతకుడు దొరుకుతాడు. మధ్యలో కనిపించిన ప్రతి చిన్న వస్తువుకూ చివర ఒక అర్థం సమకూరుతుంది.

‘ట్రూ క్రైమ్’ అని ప్రసిద్ధమైన వాస్తవ నేరకథనం అటువంటి హామీ ఇవ్వలేదు. జరిగిన నేరాన్ని, దొరికిన పత్రాలను, బతికున్న సాక్షులను ఆధారం చేసుకొని రాసే ఈ ప్రక్రియలో, కేసు తేలకపోతే గ్రంథం కూడా తేలకుండానే ముగియాలి. అయినా పాఠకుడు నవల నేర్పిన అలవాటుతోనే పుట తిప్పుతాడు. చివర ఒక పేరు వినిపించాలని కోరుకుంటాడు. ఆ కోరికను తీర్చాలన్న ఒత్తిడి రచయితపై పడుతుంది. ఫ్లోరెన్స్ కేసులో అదే ఒత్తిడి దర్యాప్తు అధికారులపైనా, న్యాయస్థానాలపైనా పడింది. ఈ కేసును చరిత్రవిద్యార్థులు, సాహిత్యవిద్యార్థులు కూడా చదవవలసిన అవసరం అందువల్లే ఏర్పడింది.

2. పరిశీలన పద్ధతి

వాడుక తెలుగులో ‘అనుమానం’ అంటే సందేహం. తర్కశాస్త్రంలో అనుమానం అంటే హేతువును బట్టి సాధ్యాన్ని నిర్ణయించే జ్ఞానసాధనం. పొగను చూసి నిప్పు ఉందని నిర్ణయించడం దీనికి ప్రసిద్ధోదాహరణ. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందన్న వ్యాప్తి స్థిరపడితేనే ఈ నిర్ణయం నిలుస్తుంది. వ్యాప్తి లేని హేతువు హేత్వాభాస, అంటే హేతువులా కనిపించేదే కాని హేతువు కాదు. దర్యాప్తు అధికారికి ఒక మనిషిపై కలిగేది మొదటి అర్థంలోని అనుమానం. న్యాయస్థానానికి కావలసింది రెండో అర్థంలోని అనుమానం. మొదటిది రెండోదిగా చెలామణి అయినప్పుడు ఏమి జరుగుతుందో ఫ్లోరెన్స్ కేసు చూపిస్తుంది.

దీనితోపాటు మరి రెండు ప్రమాణాలు ఇక్కడ ఉపయోగపడతాయి. ఒకటి శబ్దం. ఆప్తుడి వాక్యమే ప్రమాణమని నైయాయికులు చెప్పారు కనుక, సాక్ష్యం విలువ కట్టేముందు చెప్పినవాడు ఆప్తుడా కాదా అన్నది తేలాలి. రెండోది మీమాంసకులు అంగీకరించిన అర్థాపత్తి. పగలు భోజనం చేయని దేవదత్తుడు లావుగా ఉన్నాడంటే రాత్రి తింటున్నాడని కల్పించుకోవడం అర్థాపత్తి. అతడు లావుగా ఉండడం, పగలు తినకపోవడం రెండూ రూఢి అయినప్పుడే ఈ కల్పన చెల్లుతుంది. మొదటి విషయమే రూఢి కాకపోతే మిగిలేది కల్పన మాత్రమే.

3. కేసు స్వరూపం: ఒకే తుపాకి

ఫ్లోరెన్స్ చుట్టూ ద్రాక్షతోటలు, ఆలివ్ తోటలు పరచుకున్న కొండలున్నాయి. పెళ్లి కాని యువత తల్లిదండ్రులతోనే కలిసి ఉండే ఆనాటి ఇటలీలో, ఏకాంతం కోసం జంటలు కార్లలో ఈ కొండదారులకు వెళ్లడం సాధారణం. వారిని చాటుగా చూసే వ్యసనపరుల గుంపులు కూడా ఆ ప్రాంతాల్లో తిరుగుతుండేవి. హత్యలు జరిగినవి ఈ ఏకాంత స్థలాల్లోనే.

1974 సెప్టెంబర్‌లో బోర్గో సాన్ లొరెంజో దగ్గర ఒక యువజంట హతమైంది. 1981 జూన్‌లో స్కాందిచ్చి వద్ద, అదే ఏడాది అక్టోబర్‌లో కలెన్జానో వద్ద, 1982 జూన్‌లో మోంతెస్పెర్తోలి సమీపంలో మరి మూడు జంటలు బలయ్యాయి. 1983 సెప్టెంబర్‌లో జోగోలి వద్ద వ్యాను ఆపుకొని నిద్రిస్తున్న ఇద్దరు జర్మన్ యువకులు హతులయ్యారు. 1984 జులైలో విక్కియో వద్ద, 1985 సెప్టెంబర్‌లో స్కోపెతి వద్ద చివరి రెండు జంట హత్యలు జరిగాయి. స్కోపెతిలో మరణించినవారు గుడారం వేసుకున్న ఫ్రెంచి యాత్రికులు. చాలా సందర్భాల్లో హంతకుడు స్త్రీల శరీరాలను కత్తితో ఛిద్రం చేశాడు.

అన్ని చోట్లా వాడిన ఆయుధం .22 కాలిబర్ బెరెట్టా పిస్తోలు. తూటాలు వించెస్టర్ కంపెనీవి, అడుగున ‘హెచ్’ అక్షరం ముద్రించినవి. పిస్తోలులోని ఫైరింగ్ పిన్ లోపం వల్ల ప్రతి ఖాళీ తూటా అంచునా ఒకే రకమైన గుర్తు పడింది. 1982లో ఈ గుర్తు దర్యాప్తును పద్నాలుగేళ్లు వెనక్కి నడిపించింది. 1968 ఆగస్టులో సీన్యా దగ్గర కారులో ఒక వివాహిత, ఆమె ప్రియుడు హత్యకు గురయ్యారు. వెనుక సీటులో నిద్రిస్తున్న ఆమె ఆరేళ్ల కుమారుడు ప్రాణాలతో మిగిలాడు. ఆమె భర్త నేరం ఒప్పుకున్నాడు, మాట మార్చాడు, ఇతరులను వేలెత్తి చూపాడు, చివరకు శిక్ష అనుభవించాడు. ఆనాటి ఖాళీ తూటాలు పాత కేసు దస్త్రంలోనే ఉండిపోయాయి. వాటిపైనా అదే గుర్తు కనిపించింది.

ఆ దస్త్రం ఎవరి సూచనపై వెలుగులోకి వచ్చిందన్న విషయంలో భిన్న కథనాలున్నాయి. అయినా ఈ కేసులో వ్యాప్తి స్థిరపడిన హేతువు ఇదొక్కటే. 1968లో భర్త జైలులో ఉండగా అదే తుపాకి 1974లో మళ్లీ పేలింది. అందువల్ల హంతకుడెవరన్న ప్రశ్నకు ఏ సమాధానం చెప్పినా, 1968 నాటి తుపాకి తరువాతి హంతకుడి చేతికి ఎలా చేరిందో అది చెప్పి తీరాలి. దర్యాప్తులో ఒకదాని తరువాత ఒకటిగా వచ్చిన సిద్ధాంతాలన్నింటికీ ఈ వ్యాసం ఇదే కొలమానాన్ని వర్తింపజేస్తుంది.

4. సార్డీనియా మార్గం: సిద్ధాంతాన్ని హంతకుడే ఖండించడం

1968లో మరణించిన స్త్రీ కుటుంబం, ఆమెతో సంబంధం ఉన్న కొందరు పురుషులు సార్డీనియా ద్వీపం నుంచి వలస వచ్చినవారు. తుపాకి ఆ వలయంలో ఎవరిదగ్గరో ఉండాలన్న ఆలోచన సహజమే. తుపాకి అనే కొలమానానికి ఈ మార్గం సరిపోతుంది కూడా. కాని దాన్ని నడిపిన తీరు వేరు.

దీనికి కొంత ముందే ఒక ఉదాహరణ ఉంది. 1981 జూన్ హత్యల తరువాత, పత్రికల్లో రాకముందే వివరాలు చెప్పాడన్న కారణంతో, జంటలను చాటుగా చూసే అలవాటున్న ఒక వ్యక్తిని జైలులో పెట్టారు. అక్టోబర్‌లో మరో జంట హతం కావడంతో అతడు విడుదలయ్యాడు. 1982లో సార్డీనియా వలయంలోని ఒకడిని నిర్బంధించారు. అతడు జైలులో ఉండగానే 1983లో జర్మన్ యువకులు హతులయ్యారు. 1984 ఆరంభంలో అదే వలయంలోని మరి ఇద్దరిని నిర్బంధించారు. వారు లోపలుండగా జులైలో విక్కియో హత్యలు జరిగాయి.

మూడు సార్లూ నిర్బంధితుల నిర్దోషిత్వానికి సాక్ష్యం మరో రెండు శవాల రూపంలోనే వచ్చింది. ఇంతకంటే ఘోరమైన ఖండన ఏ సిద్ధాంతానికీ ఉండదు. అయినా 1983 తరువాత సిద్ధాంతాన్ని వదులుకోలేదు, విస్తరించారు. ఒక్కడు కాకపోతే ఒక బృందమన్నారు. ప్రతికూల సాక్ష్యం ఎదురైనప్పుడు ప్రతిజ్ఞను విడిచిపెట్టకుండా, దాన్ని నిలబెట్టడానికి కొత్త వ్యక్తులను చేర్చడం ఇక్కడ మొదలైంది. చివరకు 1989లో న్యాయమూర్తి మారియో రోతెల్లా సార్డీనియా అనుమానితులపై కేసు మూసివేశారు. తుపాకి ఆ వలయం దాటి వెళ్లిందన్న నమ్మకం మాత్రం ఆయన తీర్పులో కనిపించదు.

5. పచ్చాని విచారణ: కొలమానాన్ని పక్కనపెట్టడం

హత్యలపై ప్రత్యేకంగా ఏర్పాటైన పోలీసు బృందానికి రుజ్జెరో పెరుజీని నాయకుడయ్యాక దర్యాప్తు తీరు మారింది. నేరచరిత్ర, వయసు, నివాసం వంటి అంశాలతో కంప్యూటరులో జాబితాలు వడపోశారు. వడపోతలో నిలిచిన పేరు పియెట్రో పచ్చాని. మెర్కాతాలెకు చెందిన ఈ రైతు 1951లో తన ప్రియురాలితో కనిపించిన వ్యక్తిని చంపి జైలుకు వెళ్లాడు. తరువాత కన్నకూతుళ్లపై అఘాయిత్యానికి మళ్లీ శిక్షపడ్డాడు. అతడు క్రూరుడనడంలో ఎవరికీ సందేహం లేదు. అయితే క్రూరుడు కావడం, ఈ హంతకుడు కావడం రెండు వేర్వేరు ప్రతిజ్ఞలు. మొదటిదాని రుజువును రెండోదానికి రుజువుగా వాడుకోవడంలోనే హేత్వాభాస ఉంది.

ఆధారాలను వెతికిన తీరు కూడా తలకిందులైంది. సాధారణంగా ఆధారం మనిషి దగ్గరికి తీసుకుపోతుంది. ఇక్కడ మనిషి ముందే నిర్ణయమయ్యాడు, అతడి ఇంటినుంచి ఆధారాలను వెలికితీయవలసి వచ్చింది. 1992లో అతడి ఇంటినీ తోటనూ పన్నెండు రోజులపాటు తవ్వి గాలించారు. తోటలోని ఒక సిమెంటు స్తంభం రంధ్రంలో పేలని .22 వించెస్టర్ తూటా ఒకటి దొరికిందన్నారు. అది అక్కడికి ఎలా చేరిందన్న వివాదం నేటికీ సాగుతోంది. అతడి ఇంట్లోని ఒక వింత చిత్రాన్ని వికృతమనస్కుడి సృష్టిగా ప్రచారం చేశారు. అది ఒక చిలీ చిత్రకారుడిదని తరువాత తేలింది. చిత్రంలో హంతకుడి మనసు కనిపించిందంటే, చూసేవారి కళ్లలో హంతకుడి రూపం అప్పటికే నిలిచిపోయిందని అర్థం.

1994 నవంబర్ 1న న్యాయస్థానం పచ్చానిని పద్నాలుగు హత్యల్లో దోషిగా నిర్ణయించి యావజ్జీవశిక్ష విధించింది. పదహారింటిలో పద్నాలుగే కావడం గమనార్హం. 1968 నాటి జంట హత్యతో అతడికి సంబంధం చూపలేకపోయారు. దాంతో ఆ జంట హత్యను పక్కనపెట్టారు. అంటే కేసు మొత్తంలో వ్యాప్తి గల ఏకైక హేతువును, సిద్ధాంతానికి అడ్డుగా ఉన్నందువల్ల, సిద్ధాంతం వెలుపల వదిలేశారు. 1968 నాటి తుపాకి పచ్చాని చేతికి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు తీర్పులో సంతృప్తికరమైన జవాబు లేదు.

అప్పీలులో ప్రాసిక్యూటర్ పియెరో తోని స్వయంగా నిందితుడిని విడుదల చేయాలని కోరారు. శిక్షను సమర్థించవలసిన స్థానంలో ఉన్న వ్యక్తి సాక్ష్యం చాలదని వాదించడం న్యాయచరిత్రలో అరుదు. 1996 ఫిబ్రవరి 13న ఫ్రాంచెస్కో ఫెర్రి అధ్యక్షతలోని న్యాయస్థానం పచ్చానిని నిర్దోషిగా ప్రకటించింది. అదే ఏడాది డిసెంబర్‌లో అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పును రద్దుచేసి పునర్విచారణకు ఆదేశించింది. పునర్విచారణ జరగకముందే 1998 ఫిబ్రవరి 22న పచ్చాని మరణించాడు. చట్టం దృష్టిలో అతడు దోషీ కాలేదు, నిర్దోషిత్వమూ స్థిరపడలేదు.

6. సాక్షుల మాట నుంచి రహస్యబృందం దాకా

1996 అప్పీలు తీర్పు వెలువడబోయే సమయంలో పోలీసులు నలుగురు కొత్త సాక్షులను ముందుకు తెచ్చారు. వారి పేర్లు చెప్పకుండా గ్రీకు అక్షరాలు ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అని సూచించారు. ఫెర్రి న్యాయస్థానం వారి మాట వినడానికి నిరాకరించింది. తరువాతి దర్యాప్తుకు, అత్యున్నత న్యాయస్థానం ఆదేశానికి వీరే పునాది అయ్యారు. వారిలో ఒకడు తాను హత్యలు జరిగినప్పుడు అక్కడే ఉన్నానని ఒప్పుకొని, పచ్చానితోపాటు మరో స్నేహితుడిని కూడా ఇరికించాడు. 1998లో ఈ ఇద్దరికీ శిక్షలు పడ్డాయి. చివరి నాలుగు జంట హత్యలకు సంబంధించి ఈ శిక్షలు ఉన్నత న్యాయస్థానాల్లోనూ నిలిచాయి. కనుక కేసు పూర్తిగా తేలలేదనడం ఎంత నిజమో, చట్టపరంగా దానిలో కొంతభాగం ముగిసిందనడమూ అంతే నిజం. ఈ స్నేహితులకు న్యాయస్థానంలో ‘కలిసి చిరుతిండి తినేవాళ్లు’ అన్న అర్థంలో స్థిరపడిన మాట నేటి ఇటాలియన్ భాషలో, చెడ్డపనికి జతకట్టినవారిని వ్యంగ్యంగా సూచించే జాతీయంగా మారింది. ఒక కేసు భాషలోకి ఇంత లోతుగా దిగడం ప్రజల మనసుపై దానికున్న పట్టును తెలుపుతుంది.

ఇక్కడ పరీక్షించవలసింది శబ్దప్రమాణం. ఒప్పుకున్న సాక్షి కథనం విచారణ సాగేకొద్దీ పెరుగుతూ పోయింది. స్కోపెతి హత్యలు ఆదివారం రాత్రి జరిగాయన్నది అధికారిక కథనం. మృతదేహాలు సోమవారం కనిపించాయి. మృతదేహాలపై కీటకాల పెరుగుదలను బట్టి ఆ రాత్రిని స్పెట్సి, ప్రెస్టన్ ప్రశ్నించారు. తేదీ మారితే ఆదివారం రాత్రి కళ్లారా చూశానన్న సాక్ష్యం కూలిపోతుంది. ప్రత్యక్షంతో విభేదించే శబ్దానికి ప్రామాణ్యం ఎంత అన్న పాత ప్రశ్న ఇక్కడ మనుషుల జీవితకాల శిక్షలతో ముడిపడింది.

అదే సాక్షి, శరీరభాగాల కోసం ఒక వైద్యుడు డబ్బు ఇచ్చేవాడని చెప్పాడు. ఆ ఒక్క మాట నుంచి కొత్త కథ మొలిచింది. ఫ్లోరెన్స్ పోలీసు అధికారి మికెలె జుత్తారి, పెరూజా ప్రాసిక్యూటర్ జూలియానో మిన్యీని నడిపిన దర్యాప్తుల్లో, హత్యలు చేసింది పల్లెటూరి మనుషులైనా చేయించింది సంపన్నుల రహస్యబృందమన్న సిద్ధాంతం రూపుదిద్దుకుంది. 1985 అక్టోబర్‌లో త్రాసిమేనో సరస్సులో శవమై తేలిన ఒక పెరూజా వైద్యుడి మరణాన్ని దీనికి జతచేశారు. 2002లో అతడి శవాన్ని సమాధినుంచి వెలికితీశారు. కలెన్జానో హత్యాస్థలం దగ్గర దొరికిన పిరమిడ్ ఆకారపు రాయిలో క్షుద్రపూజల సంకేతం చూశారు. టస్కనీ పల్లెల్లో తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డుపెట్టే రాయి అదేనని స్పెట్సి చూపించాడు.

ఈ సిద్ధాంతం అర్థాపత్తికి వికృతరూపం. హత్యలు ఇంతకాలం బయటపడలేదు కనుక బలవంతులు కాపాడుతుండాలి, బలవంతులు కనిపించడం లేదు కనుక వారు రహస్యబృందం అయివుండాలి అన్నది ఇందులోని తర్కం. బృందం ఉందన్న రుజువు లేకపోవడమే బృందం ఉందనడానికి రుజువైంది. దేవదత్తుడు లావుగా ఉన్నాడో లేదో చూడకుండానే అతడి రాత్రి భోజనం వంటకాల వరుస చెప్పడం వంటిది ఇది. సూత్రధారి అన్న ఆరోపణపై విచారణకు నిలిచిన ఒక ఔషధవ్యాపారిని 2008 మేలో న్యాయస్థానం నిర్దోషిగా విడిచిపెట్టింది. 1968 నాటి తుపాకి గురించి ఈ సిద్ధాంతం కూడా ఏమీ చెప్పలేకపోయింది.

7. దర్యాప్తు చేసినవారే రచయితలు

ఈ కేసులో మరొక విశేషముంది. ఇందులో ప్రధానపాత్ర వహించినవారిలో చాలామంది పుస్తకాలు రాశారు. పెరుజీని 1994లో తన అనుభవాలు ప్రచురించారు. పచ్చానిని విడుదల చేసిన న్యాయమూర్తి ఫెర్రి 1996లో ఆ కేసుపై పుస్తకం రాశారు. జుత్తారి దర్యాప్తు గ్రంథంతోపాటు, ఫ్లోరెన్స్ పోలీసు అధికారి నాయకుడిగా అపరాధనవలలు కూడా రాశారు. 1994 విచారణకు అమెరికన్ నవలాకారుడు థామస్ హారిస్ హాజరై, 1999లో వెలువడిన ‘హానిబాల్’ నవలలో ఆ నేపథ్యాన్ని వాడుకున్నారు.

ఒకే వ్యక్తి ఉదయం దర్యాప్తు, సాయంత్రం నవల రాయడం నేరమేమీ కాదు. అయితే నవలలో ప్రతి వస్తువుకూ అర్థం ఉండాలన్న నియమం దర్యాప్తులోకి చేరితే, తలుపుకు పెట్టే రాయికి కూడా అర్థం వెతకవలసి వస్తుంది. వాస్తవ ప్రపంచంలో అర్థం లేని వస్తువులే ఎక్కువ. ఈ తేడాను మరచిపోవడమే ఫ్లోరెన్స్ దర్యాప్తులోని ప్రధాన సాహిత్యదోషం.

8. స్పెట్సి – ప్రెస్టన్ గ్రంథం: గుణదోషాలు

స్పెట్సి ‘లా నాత్సియోనె’ పత్రిక విలేకరిగా 1981 జూన్ నుంచి ఈ హత్యలపై వార్తలు రాశాడు. ప్రెస్టన్ 2000లో నవలారచన కోసం కుటుంబంతో ఫ్లోరెన్స్‌కు వచ్చి, తాము అద్దెకు దిగిన ఇంటి పక్కనున్న ఆలివ్ తోటలోనే 1983 నాటి హత్యలు జరిగాయని తెలుసుకున్నాడు. వారి గ్రంథం ఇటాలియన్‌లో 2006లో, ఇంగ్లీషులో 2008లో వెలువడింది.

గ్రంథం వెలువడక ముందే అది దర్యాప్తులో భాగమైంది. 2004 నవంబర్‌లో పోలీసులు స్పెట్సి ఇంట్లో సోదా చేసి అతడి కాగితాలు తీసుకువెళ్లారు. 2006 ఫిబ్రవరిలో మిన్యీని ప్రెస్టన్‌ను విచారించారు. ఆ తరువాత అతడు ఇటలీ విడిచివెళ్లాడు. ఏప్రిల్ 7న స్పెట్సిని నిర్బంధించారు. దర్యాప్తును అడ్డుకున్నాడన్నది అతడిపై మోపిన ఆరోపణల్లో ఒకటి. పాత్రికేయుల హక్కుల సంస్థలు నిరసన తెలిపాయి. 23 రోజుల తరువాత న్యాయస్థానం ఆదేశంతో అతడు విడుదలయ్యాడు. ఈ కేసులో అధికార దుర్వినియోగం ఆరోపణపై జుత్తారిని, మిన్యీనిని 2010లో ఫ్లోరెన్స్ న్యాయస్థానం దోషులుగా నిర్ణయించింది. ఆ న్యాయస్థానానికి విచారణాధికారం లేదంటూ అప్పీలు న్యాయస్థానం 2011లో ఆ తీర్పును రద్దుచేసింది.

గ్రంథంలోని మొదటి గుణం సాక్ష్యాన్ని తేదీలవారీగా, స్థలంవారీగా వేరుచేసి చూపడం. ఏ సిద్ధాంతం ఎప్పుడు పుట్టింది, ఏ ఆధారం దానికి ముందు వచ్చింది, ఏది తరువాత వచ్చిందన్న క్రమం పాఠకుడికి స్పష్టమవుతుంది. రెండో గుణం ప్రభుత్వయంత్రాంగాన్ని ప్రశ్నించడంలో చూపిన ధైర్యం. స్పెట్సి దానికి మూల్యం కూడా చెల్లించాడు.

అయితే గ్రంథం విమర్శ దగ్గర ఆగలేదు. సార్డీనియా వలయంలోని ఒకరి కుమారుడే అసలు హంతకుడన్న సొంత సిద్ధాంతాన్ని అది ముందుకు తెస్తుంది. తండ్రి దగ్గరున్న తుపాకి 1974లో జరిగిన ఒక దొంగతనంలో కుమారుడి చేతికి చేరివుంటుందన్నది ఊహ. 1968 నాటి తుపాకి ప్రశ్నను వదలకుండా ఎదుర్కొన్నందువల్ల ఇది మిగతావాటికంటే మెరుగైన సిద్ధాంతమే. కాని ఆ తుపాకి ఆ ఇంట్లో ఉందనడానికి, దొంగతనంలో పోయిన వస్తువుల్లో అది ఉందనడానికి ప్రత్యక్షాధారం లేదు. ఆ వ్యక్తి ఆరోపణను ఖండించాడు. అతడిపై ఈ హత్యల విషయంలో ఏనాడూ నేరారోపణ జరగలేదు.

పచ్చాని క్రూరుడు కావడం రుజువు కాదని వాదించిన గ్రంథం, తాను సూచించిన వ్యక్తి స్వభావాన్నీ గతాన్నీ పాఠకుడి ముందు పెట్టి అదే పద్ధతిలో నమ్మిస్తుంది. అతడితో జరిపిన ముఖాముఖిలో మాటల్లోని విరుపులు, చూపులు, నవ్వు అన్నీ సంకేతాలవుతాయి. చిలీ చిత్రకారుడి బొమ్మలో పోలీసులు హంతకుడి మనసును చూసినట్లే, రచయితలు ఒక మనిషి ముఖంలో హంతకుడిని చూశారు. పోలీసులకు నిర్బంధించే అధికారం ఉంది, రచయితలకు లేదు. ఈ తేడా పెద్దదే. అయినా ప్రపంచభాషల్లో ప్రచారమైన గ్రంథం ఒక మనిషిని హంతకుడిగా సూచించినప్పుడు, అతడు అప్పీలు చేసుకోవడానికి న్యాయస్థానమేదీ లేదు.

9. ముగింపు

శాసనాలను పరిష్కరించే పండితుడు శిథిలమైన అక్షరాలను ప్రచురణలో చుక్కలతో చూపుతాడు. తనకు తోచిన అక్షరాలను చేర్చవలసి వస్తే కుండలీకరణంలో ఉంచి, అవి తన ఊహ అని తెలియజేస్తాడు. ఖాళీని ఖాళీగా చూపడం అతడి అశక్తతకు గుర్తు కాదు, శాస్త్రనిష్ఠకు గుర్తు. ఫ్లోరెన్స్ కేసులో దర్యాప్తు అధికారులు ఆ చుక్కల స్థానంలో తమ వాక్యాలను చెక్కి, అవి మొదటినుంచీ రాతిపై ఉన్నాయన్నారు. వారిని తప్పుపట్టిన రచయితలు చివర తామూ ఒక వాక్యం చెక్కారు.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. ఫ్లోరెన్స్ హత్యల్లో వ్యాప్తి స్థిరపడిన హేతువు తూటాలపై గుర్తు మాత్రమే. దాన్ని ఎదుర్కొన్న సిద్ధాంతాలు నిలకడగా, పక్కనపెట్టిన సిద్ధాంతాలు కల్పనగా మారాయి.

2. 1981, 1983, 1984 సంవత్సరాల్లో నిర్బంధితులు లోపలుండగానే హత్యలు జరిగాయి. ప్రతికూల సాక్ష్యానికి సిద్ధాంతాన్ని విస్తరించడమే సమాధానమైనప్పుడు ఏ సాక్ష్యమూ దాన్ని ఖండించలేదు.

3. మనిషి స్వభావాన్ని నేరానికి రుజువుగా చూపడం పచ్చాని విచారణలోనూ, దాన్ని విమర్శించిన గ్రంథంలోనూ కనిపించే ఉమ్మడి దోషం.

4. తేలని కేసుపై వచ్చిన వాస్తవ నేరకథనాన్ని చదివేటప్పుడు రచయిత ఇతరులకు వర్తింపజేసిన ప్రమాణాలనే రచయితకూ వర్తింపజేయాలి. హంతకుడి పేరు చెప్పే అధ్యాయాన్ని, దర్యాప్తు వైఫల్యం చెప్పే అధ్యాయం కంటే కఠినంగా చదవాలి.

పదహారుమంది కుటుంబాలకు అందవలసింది నిజం. దానికి బదులు దశాబ్దాలపాటు వారికి అందినవి కథలు. ఒక్కొక్క కథ వీగిపోయినప్పుడల్లా అసలు హంతకుడికి మరికొంత కాలం కలిసొచ్చింది, అమాయకులకు మరికొంత జైలు జీవితం మిగిలింది. చివరి పుటలో పేరు దొరకని పుస్తకాన్ని ఆ అసంపూర్ణతతోనే స్వీకరించడం పాఠకుడికి కష్టమే. అయినా ఆ కష్టానికి సిద్ధపడని పాఠకుడు, తనకు తెలియకుండానే, తప్పుదారి పట్టిన దర్యాప్తు పక్షాన నిలుస్తాడు.